కంపాస్ సరిగ్గానే పట్టుకున్నాం, అయినా గుట్ట దొరకలేదు. తేడా ఎక్కడ?

దిక్కుతోచని_దీపు
ట్రైనింగ్‌లో నావిగేషన్ మార్చ్ అయింది. నలుగురం, చేతిలో 1:50,000 మ్యాప్. మొదలైన చోటి నుంచి ఒక గుట్ట మీదికి చేరాలి, మ్యాప్ మీద కొలిస్తే 3 కిలోమీటర్లు. ప్రొట్రాక్టర్‌తో కొలిస్తే గ్రిడ్ బేరింగ్ (మ్యాప్ మీది నిలువు గీతల నుంచి కుడికి కొలిచిన దిక్కు కోణం) 74 డిగ్రీలు వచ్చింది. క్లాసులో నేర్పినట్టే దాన్ని మార్చి కంపాస్‌లో పెట్టుకున్నాం. ఒకడు ముందు నడిచాడు, ఒకడు వెనక నుంచి కంపాస్‌తో వాణ్ణి గీత మీద నిలబెట్టాడు, మిగతా ఇద్దరం అడుగులు లెక్కపెట్టాం. అంతా పద్ధతిగానే జరిగింది. తీరా తేలింది గుట్టకి కుడివైపు, నాలుగైదు వందల మీటర్ల దూరంలో ఉన్న ఒక లోయలో. ఇన్‌స్ట్రక్టర్ "మీరే కనుక్కోండి" అని వదిలేశారు. మావాళ్లు కంపాస్ పాడైందంటున్నారు, నాకైతే నమ్మకం కుదరడం లేదు. ఎక్కడ దెబ్బతిన్నామంటారు?

జీపీఎస్_జిందాబాద్
ఫోన్ తీసి చూసుకుంటే పోయేది కదా. ఈ రోజుల్లో కూడా ఈ తిప్పలేంటో.

పాత_సిగ్నల్స్
@జీపీఎస్_జిందాబాద్ పరీక్షలో ఫోన్ ఇవ్వరు నాయనా. అసలు సమయంలో చేతిలో ఉన్నా ఆన్ చేయనివ్వకపోవచ్చు. ఉపగ్రహం నుంచి సిగ్నల్ 20 వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది. నేలకి చేరేసరికి అది ఎంత బలహీనంగా ఉంటుందంటే, తక్కువ పవర్ జామర్ కూడా దాన్ని ముంచేస్తుంది.

చలాకీ_చందు
మ్యాప్ తలకిందులుగా పట్టుకున్నారేమో, ఒకసారి గుర్తు తెచ్చుకోండి 😄

కొండదారి
@చలాకీ_చందు నువ్వు జోకేశావు గానీ, దక్షిణం వైపు నడిచేటప్పుడు మ్యాప్ తలకిందులుగా పట్టుకోవడమే సరైన పద్ధతి. అక్షరాలు చదవడానికి వీలుగా పట్టుకుంటే కుడి ఎడమలు బుర్రలో తిప్పుకోవాల్సి వస్తుంది. మ్యాప్ ఉత్తరాన్ని నేల మీది ఉత్తరం వైపు తిప్పి పట్టుకుంటే, కుడివైపు వాగు మ్యాప్‌లోనూ కుడివైపే కనిపిస్తుంది. ఇక బుర్రకి ఆ పని ఉండదు.

రాత్రిపహరా
కుడిచేతి వాటం ఉన్నవాళ్లు తెలియకుండానే కుడివైపుకి జరుగుతారు. నలుగురూ కుడిచేతి వాళ్లే అయ్యుంటారు. కేసు క్లోజ్.

చదరంగం_64
@రాత్రిపహరా ఈ మాట చాలామంది అంటారు గానీ నిలబడదు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు మనుషుల్ని అడవిలోనూ ఎడారిలోనూ నడిపించి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. సూర్యుడో చంద్రుడో కనిపించనప్పుడు మనుషులు నిజంగానే చుట్లు తిరిగారు. కానీ ఒకే మనిషి ఒకసారి కుడికి, ఇంకోసారి ఎడమకి తిరిగాడు. కాళ్ల పొడవులో తేడాకీ దానితో సంబంధం కనిపించలేదు. పైగా దీపు వాళ్లు కంపాస్‌తో నడిచారు, గుడ్డిగా కాదు.

ఎత్తుపల్లాలు
ఎక్కడం దిగడం ఎక్కువ ఉంటే మ్యాప్ దూరానికీ నడిచే దూరానికీ తేడా వస్తుంది. 20 డిగ్రీల వాలు మీద 6 శాతం, 30 డిగ్రీల వాలైతే 15 శాతం ఎక్కువ నడవాలి. అదీకాక ఎక్కేటప్పుడు అడుగు పొట్టిదవుతుంది. నా ఓటు దీనికే.

సర్వేయర్_బాబాయ్
ఒక్క నిమిషం ఆగండి. అందరూ తలో మందు రాసేస్తున్నారు, రోగం ఏంటో ఎవరూ అడగలేదు.

తప్పు రెండు రకాలు. లక్ష్యానికి ముందే ఆగిపోయినా, దాటిపోయినా అది దూరం లెక్కలో తప్పు. అంటే అడుగులు, వాలు, స్కేలు. పక్కకి పోయామంటే అది కోణంలో తప్పు. @ఎత్తుపల్లాలు చెప్పింది నిజమే, కానీ దానివల్ల మనిషి గుట్టకి ఇటువైపే ఆగిపోతాడు తప్ప కుడికి పోడు.

దీపూ, నాలుగు విషయాలు చెప్పు. కంపాస్‌లో ఎంత పెట్టారు? మ్యాప్ అంచున ఉత్తర దిక్కులు చూపించే బొమ్మ కింద ఏం రాసుంది? మ్యాప్ ఏ ఏడాదిది? దారిలో ఎక్కడైనా వెనక్కి తిరిగి బేరింగ్ చూసుకున్నారా?

దిక్కుతోచని_దీపు
@సర్వేయర్_బాబాయ్ కంపాస్‌లో పెట్టింది 78. మ్యాప్ అంచున అయస్కాంత ఉత్తరం (కంపాస్ సూది చూపించే వైపు) గ్రిడ్ ఉత్తరానికి (మ్యాప్ నిలువు గీతలు చూపించే వైపు) 4 డిగ్రీలు తూర్పున ఉందని, ఏటా 3 నిమిషాల చొప్పున తూర్పుకి జరుగుతోందని రాసుంది. మ్యాప్ 2005 నాటిది. మధ్యలో ఒకచోట ఆగి, మొదలైన చోటున్న నీళ్ల ట్యాంకు కనిపిస్తుంటే వెనక్కి చూశాం. 258 వచ్చింది, సరిగ్గా 78 ప్లస్ 180. అందుకే కంపాస్ పాడైందంటే నేను నమ్మలేదు.

ఇనుపగుండు
రైఫిల్ దగ్గర పెట్టుకుని కంపాస్ చూశారా? రైఫిల్‌కి అర మీటరు, వాహనానికి 18 మీటర్లు, హైటెన్షన్ కరెంటు తీగలకి 55 మీటర్లు దూరం ఉండాలని అమెరికన్ ఆర్మీ మాన్యువల్ చెప్తుంది. ముళ్లకంచె పక్కన నిలబడి చూసినా సూది పక్కకి లాగుతుంది.

కొండదారి
@ఇనుపగుండు ఆ దూరాలు గుర్తుంచుకోవాల్సినవే. కానీ ఇనుము లాగితే ఒకచోట లాగుతుంది, ఇంకోచోట వదిలేస్తుంది. అప్పుడు ముందు బేరింగ్‌కీ వెనక బేరింగ్‌కీ తేడా సరిగ్గా 180 రాదు. వీళ్లకి వచ్చింది. అంటే వీళ్లు ఒకే గీత మీద చక్కగా నడిచారు. కాకపోతే అది వెళ్లాల్సిన గీత కాదు.

గ్రిడ్_గిరి
దొరికింది. దీపూ, 74ని 78 ఎలా చేశారు? కలిపారు కదా?

దిక్కుతోచని_దీపు
అవును. క్లాసులో అలాగే బట్టీ పట్టించారు. "గ్రిడ్ నుంచి అయస్కాంతానికి కలుపు, అయస్కాంతం నుంచి గ్రిడ్‌కి తీసెయ్." తప్పా?

గ్రిడ్_గిరి
తీసెయ్యాలి. మీ మ్యాప్‌లో అయస్కాంత ఉత్తరం తూర్పున ఉంది కాబట్టి.

బట్టీ పక్కన పెట్టి కాగితం మీద గీసి చూడు. ఒక చుక్క పెట్టి నిలువుగా పైకి గీత గియ్యి, అది గ్రిడ్ ఉత్తరం. దానికి కాస్త కుడిగా ఇంకో గీత, అది అయస్కాంత ఉత్తరం. ఇంకా బాగా కుడికి మూడోది, అది గుట్ట వైపు. మొదటి గీత నుంచి గుట్ట గీతకి 74. రెండో గీత అప్పటికే గుట్ట వైపు 4 డిగ్రీలు జరిగి ఉంది కాబట్టి అక్కణ్ణుంచి కొలిస్తే మిగిలేది 70. మీరు పెట్టింది 78. ఎనిమిది డిగ్రీల తేడా, అదీ కుడివైపు.

ఒక డిగ్రీ తప్పితే కిలోమీటరుకి 17.5 మీటర్లు పక్కకి పోతాం. ఎనిమిది డిగ్రీలు, 3 కిలోమీటర్లు: 420 మీటర్లు. సరిపోయిందా?

దిక్కుతోచని_దీపు
దాదాపు సరిపోయింది. కానీ నిన్న మ్యాప్ మీద మేం తేలిన వాగు మలుపు గుర్తుపట్టి కొలిచాను, 470 దాకా ఉంది. ఆ 50 ఎక్కడిది?

సర్వేయర్_బాబాయ్
అందుకే మ్యాప్ ఏడాది అడిగింది. ఏటా 3 నిమిషాలు తూర్పుకి అన్నావు. 2005 నుంచి ఇరవై ఏళ్లు, 60 నిమిషాలు, అంటే ఒక డిగ్రీ. ఇప్పుడు తేడా 4 కాదు, 5. పెట్టాల్సింది 69, పెట్టింది 78. తొమ్మిది డిగ్రీలు, 472 మీటర్లు. మీ నడకకి నూటికి నూరు ఇవ్వాలయ్యా, అంత చక్కగా తప్పు గీత మీద నడిచారు.

చలాకీ_చందు
గురి తప్పకుండా గురి తప్పడం అంటే ఇదే.

పాత_సిగ్నల్స్
ఆ బట్టీ సూత్రం గురించి ఒక మాట. అది ఎవరో పనిలేక పుట్టించింది కాదు, బ్రిటిష్ వాళ్ల క్లాసుల్లోంచి వచ్చింది. వాళ్ల దేశంలో చాలాకాలం అయస్కాంత ఉత్తరం గ్రిడ్‌కి పశ్చిమాన ఉండేది, అక్కడ కలపడం కరెక్టే. తర్వాత వాళ్లకీ అది జరుగుతూ వచ్చింది. 2022 నవంబర్‌లో డోర్సెట్ తీరంలో లాంగ్టన్ మాట్రావర్స్ అనే ఊరి దగ్గర నిజ ఉత్తరం, గ్రిడ్ ఉత్తరం, అయస్కాంత ఉత్తరం మూడూ ఒకే గీత మీదికి వచ్చాయని వాళ్ల మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే ప్రకటించింది. అంటే సూత్రం పుట్టిన చోటే అది చెల్లకుండా పోతోంది.

రాత్రిపహరా
@పాత_సిగ్నల్స్ అలాగని సూత్రాలే వద్దంటే ఎలా సార్? వాన కురుస్తుంటే, నిద్రలేక చస్తుంటే, చీకట్లో నిలబడి మూడు గీతల బొమ్మ ఎవడు గీస్తాడు? అలాంటప్పుడు నోటికొచ్చేది బట్టీ పట్టిందే.

పాత_సిగ్నల్స్
బొమ్మ చీకట్లో గీయమని ఎవరన్నారు? బయలుదేరేముందు వెలుతురులో ఒకసారి గీసి, మ్యాప్ అంచున పెన్సిల్‌తో పెద్దగా రాసుకో: "ఈ మ్యాప్‌కి గ్రిడ్ నుంచి కంపాస్‌కి 5 తీసెయ్". ప్రతి మ్యాప్‌కీ దాని సూత్రం దానికే. ప్రపంచం మొత్తానికి ఒకటే సూత్రం అనుకోవడం దగ్గరే చిక్కంతా.

కొత్తమొక్క
మూడు ఉత్తరాలు ఎందుకసలు? ఒకటి చాలదా? (నేను ఇంకా మొదటి వారంలోనే ఉన్నాను, తిట్టొద్దు.)

కొండదారి
@కొత్తమొక్క నిజ ఉత్తరం అంటే భూమి ధ్రువం వైపు. అయస్కాంత ఉత్తరం అంటే సూది చూపించే వైపు, అది చోటుని బట్టీ ఏడాదిని బట్టీ మారుతుంది. గ్రిడ్ ఉత్తరం అంటే మ్యాప్ మీద నిలువు గీతలు చూపించే వైపు. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తెచ్చాం కాబట్టి ఆ గీతలు అన్నిచోట్లా ధ్రువం వైపు ఉండవు. నేల మీద నడిచేవాడికి పనికొచ్చేవి చివరి రెండే. ఒకటి మ్యాప్ మీద కొలవడానికి, ఇంకోటి చేతిలో పట్టుకోవడానికి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కొన్ని మ్యాపుల్లో సూదికీ నిజ ఉత్తరానికీ మధ్య కోణం ఇస్తారు, కొన్నిట్లో సూదికీ గ్రిడ్‌కీ మధ్య కోణం. ఏది ఇచ్చారో చూడకుండా వాడకు.

మిల్స్_మాస్టారు
డిగ్రీలతో ఈ గుణకారాలన్నీ ఎందుకు? మిల్స్ వాడండి, అదీ కోణం కొలతే. నాటో లెక్కలో చుట్టుకి 6400. ఒక మిల్ తప్పితే కిలోమీటరుకి సుమారు ఒక మీటరు పక్కకి. తొమ్మిది డిగ్రీలంటే 160 మిల్స్, మూడు కిలోమీటర్లకి 480 మీటర్లు. నోటి లెక్క. ఫిరంగి వాళ్లు ఊరికే వాడతారా?

ఇనుపగుండు
మాస్టారూ, సోవియట్ లెక్కలో చుట్టుకి 6000. వాళ్ల పరికరం దొరికితే మీ నోటి లెక్క నోట్లోనే ఉండిపోతుంది.

మిల్స్_మాస్టారు
దొరికితే ముందు దాని మీద ఏం రాసుందో చదువుతా. దీపు వాళ్ల క్లాసులో అదే నేర్పాల్సింది.

కొండదారి
లెక్క తేలింది గానీ అసలు సంగతి ఇంకా మిగిలే ఉంది. దీపూ, నాకు ఆ దారి గురించి చెప్పు. మ్యాప్ ప్రకారం ఏమేం దాటాలి? నిజంగా ఏమేం దాటారు?

దిక్కుతోచని_దీపు
మ్యాప్ ప్రకారం కిలోమీటరు దాటాక ఒక వాగు. తర్వాత గుట్ట నుంచి మనవైపు దిగే స్పర్ (ముక్కులా పొడుచుకొచ్చిన మిట్ట) మీదుగా ఎక్కుతూ పోవడమే. మేం ఒక వాగు దాటాం, తర్వాత ఇంకో చిన్న వాగు కూడా వచ్చింది. చివర్లో ఎక్కడం బదులు కొంచెం దిగాం.

కొండదారి
ఎడమవైపు ఎత్తు కనిపించలేదా?

దిక్కుతోచని_దీపు
కనిపించింది. అది పక్క గుట్ట అనుకున్నాం. రెండో వాగేమో మ్యాప్ వేశాక పుట్టిందేమో అనుకున్నాం. పాత మ్యాప్ కదా.

కొండదారి
సూత్రం తప్పడం కన్నా పెద్దది ఇది. నేల మూడుసార్లు చెప్పింది మీకు. రెండో వాగు రాకూడదు, వచ్చింది. ఎక్కాలి, దిగారు. ఎదురుగా ఉండాల్సిన ఎత్తు ఎడమవైపు ఉంది. మూడింటికీ మూడు సాకులు వెతికి మళ్లీ కంపాస్ వైపే చూశారు. దారితప్పిన ప్రతి బృందంలోనూ ఇదే జరుగుతుంది. మనం ఫలానా చోట ఉన్నామని ముందే అనేసుకుంటారు, తర్వాత కనిపించిందల్లా దానికి సరిపెట్టుకుంటూ పోతారు.

పాత మ్యాప్‌లో ఏది మారుతుందో ఏది మారదో కూడా తెలియాలి. కాలిబాటలు, కంచెలు, ఇళ్లు, అడవి అంచులు మారిపోతాయి. కొండలు, లోయలు ఇరవై ఏళ్లలో ఎక్కడికీ పోవు. వాగు అన్నాక దానికో లోయ ఉంటుంది, ఆ లోయ కాంటూర్లలో, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల్లో, కనిపించాలి. మ్యాప్ మళ్లీ తీసి చూడు. ఆ రెండో వాగు ఉన్న చోట కాంటూర్లు వి ఆకారంలో వంగి ఉంటాయి, మొన ఎత్తు వైపు తిరిగి ఉంటుంది.

దిక్కుతోచని_దీపు
ఉంది. నీలం గీత లేదు గానీ వి ఆకారాలు నాలుగు వరసగా ఉన్నాయి. గుట్టకి కుడివైపు.

ఎత్తుపల్లాలు
అదే రీఎంట్రెంట్, గుట్టలోకి చొచ్చుకెళ్లే చిన్న లోయ. మొన ఎత్తు వైపు ఉంటే నీళ్లు దిగే చోటు, వంపు పల్లం వైపు పొడుచుకొస్తే స్పర్. ఇంకోటి కూడా చూసుకోవాలి. కాంటూర్ల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు అనుకుందాం. అప్పుడు 15 మీటర్ల దిబ్బ మ్యాప్‌లో అసలు కనిపించకపోవచ్చు. నేల మీద కనిపించింది మ్యాప్‌లో లేకపోవడం వేరు, మ్యాప్‌లో ఉన్న పెద్ద ఆకారం నేల మీద లేకపోవడం వేరు. మొదటిది మామూలే. రెండోది జరిగితే అక్కడే ఆగిపోవాలి.

చదరంగం_64
ఆ అనుమానం వచ్చినప్పుడే రిసెక్షన్ చేసుంటే సరిపోయేది. కనిపించే రెండు గుర్తులకి బేరింగ్ తీసుకుని, వెనక్కి తిప్పి మ్యాప్ మీద గీస్తే గీతలు కలిసిన చోటే మనం. రెండింటి మధ్య కోణం 90కి దగ్గరగా ఉంటే మంచిది.

గ్రిడ్_గిరి
@చదరంగం_64 వాళ్లు కంపాస్ బేరింగ్‌ని గ్రిడ్‌కి మార్చేటప్పుడు కూడా అదే సూత్రం వాడేవారు కదా? కలపాల్సిన చోట తీసేసేవారు. ప్రతి గీతా తొమ్మిది పది డిగ్రీలు పక్కకి వంగేది. రెండు గీతలు ఎక్కడో ఒకచోట కలుస్తాయి కాబట్టి మోసం కూడా తెలిసేది కాదు.

చదరంగం_64
ఒప్పుకున్నా. అందుకే మూడో గుర్తుకి కూడా గీయాలి. మూడు గీతలు ఒక చుక్క దగ్గర కలవకుండా పెద్ద త్రికోణం ఏర్పడితే ఎక్కడో లెక్క తప్పిందని వెంటనే అర్థమవుతుంది.

కొత్తమొక్క
ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్‌లో నాకు ప్రతిసారీ తారుమారు అవుతోంది. దానికేమైనా చిట్కా ఉందా?

పాత_సిగ్నల్స్
@కొత్తమొక్క ముందు అడ్డంగా నడువు, తర్వాత పైకి ఎక్కు. ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) మూడంకెలు, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) మూడంకెలు. 384721 అంటే 38వ నిలువు గీత నుంచి కుడికి పదింట నాలుగు వంతులు, 72వ అడ్డగీత నుంచి పైకి పదింట ఒక వంతు. అది చెప్పేది ఒక చుక్కని కాదు, వంద మీటర్ల గడిని. ఎనిమిదంకెలైతే పది మీటర్ల గడి. రేడియోలో చెప్పేటప్పుడు అంకె అంకె విడిగా పలుకు. తారుమారైతే నువ్వడిగిన సాయం ఇంకో కొండకి పోతుంది.

జీపీఎస్_జిందాబాద్
ఇంత చదివాక నాకు ఫోన్ మీద ప్రేమ ఇంకా పెరిగింది.

సర్వేయర్_బాబాయ్
@జీపీఎస్_జిందాబాద్ ప్రేమ ఉండనీ, దాని సెట్టింగ్ కూడా చూసుకో. మ్యాప్ ఒక డేటమ్ (భూమి మీది చోట్లని కొలిచే ఆధారం) మీద, ఫోన్ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్ మీద ఉంటే ఒకే అంకెలు నేల మీద వందల మీటర్ల తేడా చూపించొచ్చు. అప్పుడు నువ్వూ ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడుగుతావు.

దిక్కుతోచని_దీపు
వచ్చేవారం రాత్రి మార్చ్, ఇదే మ్యాప్. రూట్ కార్డు (దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక అంగగా రాసుకునే చీటీ) రాసుకున్నా, చూసి చెప్పండి. తేడా 5 తూర్పు, కంపాస్‌కి తీసెయ్యాలి.
మొదటి అంగ: గ్రిడ్ 310, కంపాస్ 305, 1200 మీటర్లు, వాగు మీది వంతెన దాకా.
రెండో అంగ: గ్రిడ్ 247, కంపాస్ 242, వెనక బేరింగ్ 67, 1800 మీటర్లు, రెండు గుట్టల మధ్య శాడిల్ దాకా.
మూడో అంగ: గ్రిడ్ 3, కంపాస్ 358, 900 మీటర్లు, రోడ్డు దాకా.
వంద మీటర్లకి నాకు 62 జంట అడుగులు పడతాయి, చదును నేల మీద.

గ్రిడ్_గిరి
మూడోది బాగా పట్టావు, 3 లోంచి 5 తీస్తే 358. అక్కడ చాలామంది 2 అని రాసేస్తారు. రెండో దాంట్లో వెనక బేరింగ్ 67 గ్రిడ్‌ది. చేతిలో కంపాస్ పట్టుకుని వెనక్కి చూస్తే 62 రావాలి. 67 అని రాసుకుంటే చీకట్లో సరైన గీత మీద ఉండి కూడా కంగారుపడతారు.

రాత్రిపహరా
ఆ 62 అడుగులు పగటివి. రాత్రి అడుగు చిన్నదవుతుంది, బరువుతో ఇంకా చిన్నదవుతుంది. చీకటి పడ్డాక బ్యాగు వేసుకుని వంద మీటర్లు కొలిచి నడిచి, కొత్త అంకె రాసుకో. టైముకి నైస్మిత్ లెక్క ఉంది, 1892 నాటిది: మైదానంలో గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కడానికి ఇంకో గంట. రాత్రి బరువుతో ఆ వేగం ఆశించకు.

కొండదారి
మొదటి అంగలో వంతెనకి నేరుగా గురిపెట్టకు. చీకట్లో వాగు ఒడ్డుకి చేరి వంతెన కనిపించకపోతే అది కుడివైపుందో ఎడమవైపుందో తేలదు. కావాలనే 5 డిగ్రీలు ఎడమకి, అంటే కంపాస్‌లో 300 పెట్టి నడువు. వంతెనకి వంద మీటర్లు ఎడమగా వాగు తగులుతుంది. అక్కణ్ణుంచి ఒడ్డు వెంట కుడికి తిరగడమే.

ప్రతి అంగకీ ఇంకో వరస కూడా చేర్చు: దారిలో ఏం దాటాలి, ఎక్కడమా దిగడమా, దాటిపోతే ఏది తగులుతుంది. శాడిల్ దాటిపోతే నేల దిగడం మొదలవుతుంది, అది రాసుకో. మూడో అంగకి రోడ్డే అడ్డంగా ఉంది కాబట్టి దిగుల్లేదు.

దిక్కుతోచని_దీపు
కంపాస్ 300, వెనక బేరింగ్ 62, రెండూ మార్చేశా. ఒక్క డౌట్. 300 పెట్టి నడిస్తే మధ్యలో ఒక పాడుబడిన ప్రహరీ అడ్డొస్తుంది, ఎడమవైపు దాదాపు 150 మీటర్లు పోయి చుట్టాలి. చుట్టాక మళ్లీ గీత మీదికి ఎలా రావాలి?

ఇనుపగుండు
90 డిగ్రీల మలుపులు. 300 లోంచి 90 తీసి 210 మీద ఎడమకి నడువు, అడుగులు విడిగా లెక్కపెట్టు. మళ్లీ 300 మీద ప్రహరీ దాటేదాకా వెళ్లు, ఈ అడుగులు మాత్రం అసలు లెక్కలో కలుపు. తర్వాత 30 మీద, ఎడమకి ఎన్ని వేశావో అన్నే అడుగులు కుడికి. పాత గీత మీదికి వచ్చేస్తావు. ప్రహరీలో ఇనుప ఊచలుంటే మాత్రం పది మీటర్లు ఎడంగా జరిగి కంపాస్ చూడు.

చలాకీ_చందు
అడుగులు లెక్కపెట్టేవాడితో ఎవరూ మాట్లాడొద్దు. మా బృందంలో ఒకడు 540 దగ్గర ఉండగా పక్కవాడు టైమెంతని అడిగాడు. వాడు "పదకొండున్నర" అని చెప్పి, పన్నెండు నుంచి లెక్క మొదలుపెట్టాడు.

రాత్రిపహరా
అందుకే వందకో ముడి వేసుకోవడానికి జేబులో తాడు ముక్క ఉండాలి. దీపూ, కార్డు రెండు కాపీలు రాసి ఒకటి ఇంకొకడి దగ్గర పెట్టు.